మయూరి మనకి గుర్తుంది, సుధాచంద్రనే లేదు

పోయిన నెల మా ఇంటి వాట్సాప్ గ్రూపులో బాబాయి కొడుకు ఒక ఫోటో పెట్టాడు. నటి, నర్తకి సుధాచంద్రన్ పాత ఫోటో, నాట్యం చేస్తున్నది. కింద పెద్ద పసుపు అక్షరాల్లో, కాలు పోయినా కల పోలేదు, సాకులు చెప్పేవాళ్ళు ఒక్కసారి ఈమెను చూసి నేర్చుకోండి, అని. దాని కింద వరసగా చప్పట్లు, దండాలు, ఎర్ర గుండెలు. పది నిమిషాలయ్యాక ఇంకో లైను కనపడింది. మా అత్త గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న ఎవరో ఆవిడని మళ్ళీ చేర్చారు. "చెయ్యి తగిలి పోయిందర్రా" అంది. ఎవరూ రెట్టించలేదు. చెయ్యి తగల్లేదని నాకు తెలుసు.

అత్తంటే మా నాన్న చెల్లెలు. రెండో ఏట పోలియో వచ్చింది. కుడికాలు సన్నగా, కొంచెం పొట్టిగా ఉండిపోయింది. అడుగేసినప్పుడల్లా కుడిచేత్తో మోకాలి పైన గట్టిగా అదిమిపట్టి నడిచేది. ఆ చోట చీర మిగతా చీర కంటే ముందు మాసేది, ముందు చిరిగేది. తర్వాత కాలిపర్ వచ్చింది. రెండు వైపులా ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, అడుగున బరువైన బూటు. తణుకులో నలభై ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. ఎడం కాలొక్కదాంతోనే మిషను తొక్కేది. మోటారు పెట్టించుకున్నది చాలా తర్వాత.

ఆ ఫోటో మా అత్తని ఎందుకు గ్రూపులోంచి తరిమిందో ఆలోచిస్తూ కూర్చుంటే ఇంకో సంగతి తట్టింది. సుధాచంద్రన్ గురించి మనవాళ్ళు చెప్పే కథంతా 1981లో మొదలై 1985లో అయిపోతుంది. ప్రమాదం, కాలు తీసేయడం, జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు, మళ్ళీ నాట్యం, ఆవిడ కథతోనే తీసిన మయూరి సినిమా, శుభం. ఆ తర్వాత ఆవిడ నలభై ఏళ్ళు నటించింది. ఆ నలభై ఏళ్ళ పని గురించి మన దగ్గర ఒక్క వాక్యం లేదు. ఇది గౌరవం కాదనీ, ఒక నటి చేసిన పనిని మర్యాదగా చెత్తబుట్టలో వెయ్యడమేననీ నాకు అనిపిస్తోంది. అందులో నాకే కొన్ని అనుమానాలు ఉన్నాయి. అవీ రాస్తాను.

నేల టిక్కెట్టు, బెంచీ టిక్కెట్టు

మయూరి వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఇంటిల్లిపాదీ వెళ్ళాం. మా నాన్న ఎప్పుడూ నేల టిక్కెట్టు బాపతు, ఆ రోజు మాత్రం అత్త కూర్చోవడానికి వీలుగా ఉంటుందని అందరికీ బెంచీ కొన్నాడు. అప్పటికి అత్తకి ఇరవై. తెర మీద ఉన్న అమ్మాయిదీ దాదాపు అదే వయసు.

కథ మీకు తెలిసిందే. నాట్యం చేసే పిల్ల, కాలు పోతుంది, ప్రేమించినవాడు తప్పుకుంటాడు, ఆ పిల్ల కొయ్యకాలితో మళ్ళీ గజ్జె కడుతుంది. చివరి నాట్యం దగ్గర హాల్లో ఆడవాళ్ళందరూ ఏడ్చారు. మా అమ్మ ఏడ్చింది. నేను అమ్మని చూసి ఏడ్చాను. అత్త ఏడ్చిందో లేదో చూసుకోలేదు.

గుర్తున్నదల్లా బయటికొచ్చాక జరిగింది. మా వీధి చివర ఉండే ఒకావిడ అత్త రెండు బుగ్గలూ పట్టుకుని, "చూశావుటమ్మా, ఆ పిల్లకి కాలే లేదు. నీకు కాలుంది కదా, ఎందుకలా దిగులుగా ఉంటావు?" అంది. అత్త దిగులుగా లేదు. బెంచీ మీద మూడు గంటలు కూర్చుని నడుం నొప్పెట్టి మొహం అలా పెట్టింది. ఆ మాటే చెప్పింది కూడా. ఆవిడ వినలేదు.

రిక్షాలో వస్తూ అత్త అన్న మాట ఇంకోటుంది. "ఆ అమ్మాయికి నాట్యం ముందే వచ్చు వదినా. నాకు రాదు."

ఎనిమిదేళ్ళప్పుడు అది సరదా మాటనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఫార్వార్డు రాసిన మనిషికి తట్టని విషయమే అది. సుధాచంద్రన్ బొంబాయిలో పెరిగింది, పసితనం నుంచీ భరతనాట్యం నేర్చుకుంది. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదం జరిగే నాటికి, పదహారేళ్ళకే, ఎన్నో సభల్లో ఆడిన పిల్ల. చీలమండ దగ్గర తగిలిన గాయం గాంగ్రీన్ అయింది, కుడికాలు తీసెయ్యాల్సి వచ్చింది. కాలు పోయినా ఆ నేర్చుకున్నదంతా ఆవిడ దగ్గరే ఉంది. ఆవిడ తిరిగి వెళ్ళింది తన పనికి. మనం చెప్పే కథలో మాత్రం కాలు పోవడమే ఆవిడకి నాట్యం తెచ్చిపెట్టినట్టు ఉంటుంది.

జైపూర్ కాలు గురించి కూడా ఒక మాట. అది గుండెధైర్యంతో తయారైంది కాదు. జైపూరు సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో పి.కె. సేఠీ అనే ఎముకల డాక్టరూ, రామచంద్ర శర్మ అనే చేతిపనివాడూ కలిసి చేసింది. అప్పటి విదేశీ కృత్రిమ కాలుతో బాసింపట్టు వేసుకోలేం, గొంతుకు కూర్చోలేం, చెప్పుల్లేకుండా పొలంలో దిగలేం. వీళ్ళు రబ్బరు, కొయ్య కలిపి పాదం అన్ని వైపులకీ వంగేలా చేశారు, అదీ చవగ్గా. సేఠీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ వార్త పత్రికలో చదివే సుధాచంద్రన్ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆ కాలుతో సాధన చేస్తుంటే కోసిన చోట ఒరుసుకుని రక్తం వచ్చేదట. 1984 జనవరిలో బొంబాయిలో మళ్ళీ స్టేజీ ఎక్కింది. మధ్యలో ఉన్నవన్నీ మామూలు సంగతులే. డాక్టరు, వడ్రంగం, కొలతలు, అప్పటికే చేతిలో ఉన్న విద్య, ఖర్చు పెట్టగలిగిన అమ్మానాన్నలు. వీటన్నిటినీ తీసేసి 'సంకల్పం' ఒక్కటే మిగిల్చితే, తప్పంతా అవి లేనివాళ్ళ మీదకే వస్తుంది. మా అత్త మీదకి వచ్చినట్టు.

మయూరి వచ్చిన ఏడాదే అత్తకి ఒక సంబంధం తెచ్చారు. పెళ్ళిళ్ళ పేరయ్య పిల్లాడి తరఫువాళ్ళని ఒప్పించడానికి వాడిన ముక్క ఏమిటో తెలుసా? "మయూరి చూశారా అండీ? ఆ పిల్ల ఏకంగా డాన్సే చేసింది, మన అమ్మాయి నడుస్తోంది కదా!" వాళ్ళు కాఫీ తాగి, సినిమా చాలా బాగుందని ఒప్పుకుని, కట్నం రెట్టింపు అడిగారు.

మొదటి వేషమే తన గాయం

నటిగా సుధాచంద్రన్ మొదటి రోజు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కెమెరా ముందు నిలబడ్డ అనుభవం లేని అమ్మాయి. మొదటి వేషంలోనే తన ప్రమాదం, తన ఆసుపత్రి మంచం, దుప్పటి తీస్తే కాలు లేకపోవడం, మళ్ళీ చెయ్యాలి. అవతల సింగీతం శ్రీనివాసరావు లాంటి దర్శకుడు ఉన్నాడు, రామోజీరావు నిర్మాణం, అన్నీ నిజమే. అయినా ఆ ఏడుపు ఎన్ని టేకులు తీసి ఉంటారో! వేరే నటి అయితే "లీనమైపోయింది" అంటాం. ఈవిడ విషయంలో, తన కథే కదా, నటించేదేముంది అనుకున్నాం.

అనుకున్నాం అని ఊరికే అనడం లేదు. జాతీయ అవార్డుల్లో ఆవిడకి ఇచ్చింది ప్రత్యేక జ్యూరీ పురస్కారం. ఉత్తమ నటి కాదు. సినిమాకి మాత్రం 14 నందులు వచ్చాయి, అప్పటికి అది రికార్డు. జ్యూరీ తప్పు చేసిందని నేననడం లేదు. ఆ 'ప్రత్యేకం' అన్న మాట ఆవిడ వెనకాల ఎంత దూరం నడిచిందో చెప్తున్నాను.

మన సినిమాలకి అంగవైకల్యం కొత్త కాదు. సిరిసిరిమువ్వలో జయప్రద మూగపిల్లగా చేసింది, ఎంత బాగా చేసింది! అది నటన అన్నాం. ఆ తర్వాత ఆవిడ మాటలొచ్చిన పాత్రలు బోలెడు చేసింది. కాళ్ళూ చేతులూ చక్కగా ఉన్న నటులు కుంటివాళ్ళుగా, గుడ్డివాళ్ళుగా చేస్తే అవార్డులు ఇచ్చే పరిశ్రమ మనది. నిజంగా కాలు లేని నటి, కాలు ప్రసక్తే లేని పాత్ర, అంటే ఒక టీచరో, వకీలో, హీరో అక్కో, చేయొచ్చని ఎందుకు తట్టలేదు? మయూరి తర్వాత తెలుగులో ఆవిడ పేరు చెప్పగానే గుర్తొచ్చే రెండో సినిమా కోసం నేను రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. తట్టలేదు. సినిమా పిచ్చోడైన మా ఆయన్ని అడిగాను. "ఆవిడ తర్వాత మానేసింది కదా" అన్నాడు. మానెయ్యలేదు. 1986లో మయూరినే హిందీలో నాచే మయూరిగా చేసింది. తమిళంలో చేసింది. హిందీలో చిన్నాపెద్దా వేషాలు వేసింది. మానేసింది మనం.

దీనికి ఎదురు వాదన ఉంది, అది తీసిపారేసేది కాదు. 1984లోనే వంశీ సితారతో భానుప్రియ వచ్చింది. ఆవిడా నాట్యం తెలిసిన పిల్లే. ఆ రోజుల్లో హీరోయిన్ అంటే చిరంజీవి పక్కన బ్రేక్ డాన్సు చెయ్యాలి, వానలో గడ్డి మీద పరిగెత్తాలి, కొండల మీద హైహీల్స్‌తో దిగాలి. ఏ నిర్మాతైనా బీమా సంగతి కూడా ఆలోచిస్తాడు. పైగా సుధాచంద్రన్ బొంబాయి పిల్ల, అక్కడే స్థిరపడింది. ఇవన్నీ కలిసి జరిగిందేమో తప్ప, ఎవరూ కూర్చుని ఆవిడకి పని ఇవ్వకూడదని తీర్మానం చెయ్యలేదు.

సరే. తీర్మానం చెయ్యక్కర్లేదు కూడా. చప్పట్లు కొట్టి పంపేస్తే చాలు. సన్మానం చేసిన మనిషికి మర్నాడు వేషం ఇవ్వడం మనకి ఇబ్బంది. దేవత పటానికి దండేశాక మళ్ళీ వంటింట్లోకి పిలిచి పప్పు రుబ్బమంటామా?

నల్లబొట్టు ఆవిడ

2001లో మా అత్త కొట్టులో చిన్న టీవీ ఉండేది, మిషనుకి ఎదురుగా గోడకి కొట్టిన చెక్క మీద. నేను డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటూ ఇంట్లో ఉన్నాను. సాయంత్రాలు కాజాలు కుట్టడానికి, హుక్కులు వెయ్యడానికి వెళ్ళి కూర్చునేదాన్ని. కొట్టులో ఎవరికీ సరిగ్గా హిందీ రాదు. అయినా స్టార్ ప్లస్ పెట్టేవాళ్ళు. కారణం జాకెట్లు. ఆ సీరియళ్ళలో ఆడవాళ్ళ మెడలూ చేతులూ చూసి ఆడపిల్లలు వచ్చి అలాంటిది కుట్టమని అడిగేవాళ్ళు. చూడకపోతే బేరం పోతుంది.

అందులో కహీఁ కిసీ రోజ్ అని ఒకటి. రమోలా సికంద్ అని ఒక అత్తగారు. అబ్బ, ఏమి రాక్షసి! నుదుటి మీద రోజుకో రకం బొట్టు. పాములా, బాణంలా, చంద్రవంకలా, ఒక్కోసారి కనుబొమల మధ్య నుంచి పైకి పాకిపోయేంత. మెడనిండా నగలు. ఒక కనుబొమ లేపిందంటే ఇంట్లో ఎవరికో మూడిందన్నమాటే. కెమెరా మూడుసార్లు ఆవిడ మొహం మీదకి దూకేది, ఉరుములు ఉరిమేవి. కొట్టుకొచ్చేవాళ్ళకి ఆవిడ పేరు నోరు తిరగదు. "ఆ నల్లబొట్టు ఆవిడ కట్టుకున్నట్టు" అనేవాళ్ళు. ఆ మూడేళ్ళూ కొట్టులో ఆ జాకెట్లే.

ఆవిడ సుధాచంద్రన్ అని నాకు ఏ పత్రికలోనో చదివితే తెలిసింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను. "అత్తా, నల్లబొట్టు ఆవిడ ఎవరనుకున్నావు? మయూరి!"

అత్త సూదిలో దారం ఎక్కిస్తోంది. తలెత్తలేదు. "తెలుసే. మొదటి రోజే తెలుసు. ఎవరికీ చెప్పకు, మళ్ళీ మొదలెడతారు."

ఏం మొదలెడతారు అని నేను అడగలేదు. అప్పుడు అర్థం కాలేదు కాబట్టి.

ఆ తర్వాత నేనూ కాళ్ళ కేసి చూడటం మొదలుపెట్టాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను. మెట్లు దిగేటప్పుడు, తిరిగేటప్పుడు, ఎక్కడైనా తేడా తెలుస్తుందేమో అని. అత్త గమనించి, "అక్కడేం చూస్తావే, మొహం చూడు. కోడల్ని చంపుతోంది" అంది. నిజమే, చంపుతోంది. చాలా శ్రద్ధగా చంపుతోంది.

నాకు ఇప్పుడనిపిస్తుంది, సుధాచంద్రన్ చేసిన అసలు ఘనకార్యం ఆ రమోలాయే అని. నాట్యం కంటే గొప్పదా అంటే, ఆ పోలిక నాకొద్దు. కానీ చూడండి. లక్షలమంది ఆవిడని రోజూ చూశారు, తిట్టుకున్నారు, భయపడ్డారు, ఆవిడ బొట్టు కొనుక్కున్నారు. అందులో ఎంతమంది జాలిపడ్డారు? ఒక్కరు కూడా పడలేదు. జాలి నుంచి అంత దూరం వెళ్ళగలగడం కాలు పోయినవాళ్ళకి ఎంత కష్టమో మా అత్తనడగాలి. మన ఊళ్ళో కుంటివాడు మంచివాడై ఉండాలి, ఓపిక ఉండాలి, నవ్వుతూ ఉండాలి. కోపం వస్తే "అందుకే దేవుడు అలా చేశాడు" అంటారు. ఆ మాట మా అత్త చిన్నప్పుడు విన్నది. అలాంటిది, ఒక కాలు లేనావిడ తెర మీద కసిగా, దర్జాగా, పట్టుచీరలో, ఎవరికీ క్షమాపణ చెప్పకుండా చెడ్డగా ఉండగలిగింది. మూడేళ్ళపాటు.

అప్పటికి ఆవిడకి ముప్పై ఆరేళ్ళు. ముప్పై ఆరుకే పెళ్ళీడు కొడుక్కి తల్లి! సినిమా అయితే ఆ వయసు ఆడదాన్ని పక్కన పెట్టేస్తుంది. టీవీ అత్తగారిని చేసింది, కానీ ఇంటి పెత్తనం చేతికిచ్చింది. ఆ తర్వాత తమిళంలో దైవం తంద వీడు, హిందీలో 2015లో వచ్చిన నాగిన్‌లో యామిని. మళ్ళీ విలనీయే. ఆ సీరియళ్ళు గొప్ప కళ అని నేను వాదించను. కథ అంటూ ఏమీ ఉండదు, చచ్చినవాళ్ళు ప్లాస్టిక్ సర్జరీ చేయించుకుని వస్తుంటారు. నేనే సగం తిట్టుకుంటూ చూశాను. కానీ రోజుకి పన్నెండు గంటలు సెట్లో నిలబడి, ఆరోజుకారోజు చేతికొచ్చిన డైలాగులు పట్టుకుని, వందల ఎపిసోడ్లు లాక్కురావడం కూలిపనంత కష్టం. ఏళ్ళ తరబడి పిలిచి వేషం ఇస్తున్నారంటే టీఆర్పీ వస్తోందని. జాలితో ఎవరూ వెయ్యి ఎపిసోడ్లు ఇవ్వరు.

చీర కింద

ఇక్కడిదాకా రాసి, ఇంగ్లీషు లెక్చరరైన నా స్నేహితురాలికి చదివి వినిపించాను. తనకి వినికిడి సమస్య ఉంది, మిషను పెట్టుకుంటుంది. అంతా విని ఒక ప్రశ్న వేసింది. "ఆవిడ కాలు కనపడలేదు కాబట్టే కదా వేషాలు వచ్చాయి? చీర కింద దాచగలిగింది. నా మిషను చెవిలో కనపడుతుంది. నాకు రమోలా వేషం ఇస్తారా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజమే. మన సీరియళ్ళలో చక్రాల కుర్చీ ఎప్పుడొస్తుంది? విలన్‌కి శిక్ష పడినప్పుడు, లేదా హీరోయిన్ త్యాగం చెయ్యాల్సినప్పుడు. ఆరు నెలలు తిరక్కుండా ఆ మనిషి లేచి నడుస్తుంది, గుడిగంటలు మోగుతాయి. కాలిపర్ వేసుకున్న వంటావిడ, ఊరికే వంటావిడగా, ఎప్పుడైనా కనపడిందా? కాబట్టి సుధాచంద్రన్ గెలుపు వైకల్యాన్ని మర్చిపోయేలా చేసిన గెలుపు. దాన్ని మామూలు చేసిన గెలుపు కాదు. రెండూ ఒకటి కావు. నా వాదనలో ఇక్కడ పెద్ద చిల్లు ఉందని ఒప్పుకుంటున్నాను.

ఇంకో చిల్లు. సుధాచంద్రన్ తన కథని తానే చెప్పుకుంటుంది. సభల్లో, ఇంటర్వ్యూల్లో, ఆ ప్రమాదం గురించీ ఆ కాలు గురించీ మాట్లాడుతుంది. ఆవిడకి లేని అభ్యంతరం నాకెందుకు? అత్త కూడా ఇదే అంది, ఫోన్లో. "ఆవిడ చెప్పుకుంటే ఆవిడిష్టం. ఆ కాలు ఆవిడది. వీడెవడు, నా మొహాన పెట్టడానికి?"

ఆ ఫోటోలు ఎవరికీ పనికిరావని కూడా అనలేను. జైపూర్ కాలు అనేది ఒకటుందని మన పల్లెల్లో చాలామందికి తెలిసింది మయూరి వల్లే. మా పక్క ఊళ్ళో ఆయన ఒకరు నూర్పిడి మిషన్లో కాలు పోగొట్టుకుని, ఆ సినిమా చూసిన అల్లుడు పట్టుబట్టి తీసుకెళ్తే కాలు పెట్టించుకుని మళ్ళీ అరక కట్టాడు. ఆయన్ని అడిగితే ఆ ఫార్వార్డుకి రెండు దండాలు పెడతాడు. అత్తకి తగిలిన దెబ్బ ఎంత నిజమో, ఆయనకి దొరికిన దారీ అంతే నిజం. తేడా ఎక్కడుందంటే, ఆయనకి దొరికింది ఒక చిరునామా. అత్తకి దొరికింది ఒక దెప్పిపొడుపు.

ఈ మధ్య వికలాంగులు అనకూడదు, దివ్యాంగులు అనాలంటున్నారు. అత్తకి పింఛను కాగితం మీద ఆ మాట మొదటిసారి చదివి వినిపిస్తే, "బస్సులో సీటివ్వరు గానీ దివ్యమంట" అని చాలాసేపు నవ్వింది.

తెర వెనక పదిహేను నిమిషాలు

2021 అక్టోబరులో సుధాచంద్రన్ ఒక వీడియో పెట్టింది. చాలామంది చూసే ఉంటారు. ఎయిర్‌పోర్టుకి వెళ్ళిన ప్రతిసారీ, పేలుడు పదార్థాలు కనిపెట్టే యంత్రంతో పరీక్షించండని అడిగినా, కృత్రిమ కాలు విప్పి చూపించమంటున్నారని, సీనియర్ సిటిజన్లకి ఒక కార్డు ఇప్పించండని ప్రధానమంత్రిని అడిగింది. మర్నాటికల్లా ఎయిర్‌పోర్టుల భద్రత చూసే సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. ఆ డిసెంబరులోనే సుప్రీంకోర్టు, ఎయిర్‌పోర్టుల్లో కృత్రిమ అవయవాలు విప్పించడం తగదని చెప్పింది.

నలభై ఏళ్ళుగా దేశమంతా పాఠంగా చెప్పుకున్న కాలు అది. సెక్యూరిటీ దగ్గర అది ఒక అనుమానపు వస్తువు. ఆ వీడియో చూసినప్పుడు నాకు కోపం వచ్చింది గానీ, ఎక్కడో దూరపు కోపం. అంత పేరున్నావిడకే ఇలాగా అనుకుని ఊరుకున్నాను. మామూలు మనుషులకి ఎలాగో నిరుడు చూశాను.

మా తమ్ముడి కూతురి పెళ్ళికి అత్తని విమానంలో తీసుకెళ్ళాను. ఆవిడకి మొదటిసారి. ఏ ఊరి ఎయిర్‌పోర్టో చెప్పను. అత్త ఆకుపచ్చ పట్టుచీర కట్టింది, ఎర్ర జాకెట్టు వేసింది. గేటులోంచి నడవగానే కాలిపర్‌కి గీమని మోగింది. తెర కట్టిన చిన్న గదిలోకి తీసుకెళ్ళారు. కాలిపర్ విప్పి మిషన్లో పెట్టాలన్నారు. కోర్టు వద్దంది కదా అని నేను గొంతు పెంచాను. "రూల్ మేడం" అంది లోపల ఉన్న అమ్మాయి. మహా అయితే పాతికేళ్ళుంటాయి. ఉత్తరాది పిల్ల, తెలుగు రాదు.

అత్త నా చెయ్యి పట్టుకుని "ఊరుకోవే" అని కూర్చుంది. నాలుగు పట్టీలు, ఒక్కోదానికి బకిలీ. పై పట్టీ విప్పడానికి చీర తొడదాకా తియ్యాలి. ఆ చర్మం మీద పట్టీ అచ్చులు ఎప్పటివో, నల్లగా. నాకు నలభై ఏడేళ్ళు, పుట్టినప్పటి నుంచీ ఆవిడని చూస్తున్నాను, ఆ అచ్చులు చూడటం అదే మొదలు. కాలిపర్ ట్రేలో పెట్టి, బూటుతో సహా, ల్యాప్‌టాప్‌ల మధ్యన పంపించారు. అది తిరిగొచ్చేదాకా అత్త ఆ ప్లాస్టిక్ కుర్చీలో ఒంటికాలు నేలమీద పెట్టి కూర్చుంది. తెర సందులోంచి చూసిన ఒక సూటు వేసుకున్నాయన, నేను బయటికి రాగానే, "ఆంటీ చాలా గ్రేట్ అండీ, రియల్ ఇన్‌స్పిరేషన్" అన్నాడు. విమానం ఎక్కడానికి వచ్చినందుకు.

కాలిపర్ మళ్ళీ కట్టుకుంటుంటే ఆ సెక్యూరిటీ అమ్మాయి అత్త వీపు వైపు వంగి ఏదో చూసింది. ఇంకా ఏం తనిఖీ అని నేను ముందుకెళ్ళాను. ఆ పిల్ల వేలితో జాకెట్టు భుజం దగ్గర కుట్టు తాకి, ఇది ఎక్కడ కుట్టించారు అని హిందీలో అడిగింది.

"మైనే ఖుద్ సియా హై" అంది అత్త, తడుముకోకుండా.

ఆ అమ్మాయి నమ్మలేదు. అత్త పైట కాస్త జరిపి, లోపలి పట్టీ ఎలా మడిచి కుట్టాలో, చంక దగ్గర ఎంత వదలాలో, సగం హిందీ సగం చేతి సైగలతో చెప్పడం మొదలుపెట్టింది. బయట క్యూ పెరుగుతోంది. బోర్డింగు మొదలైందని నేను లాక్కొచ్చాను.

సీట్లో కూర్చున్నాక అడిగాను, నీకు హిందీ ఎక్కడిది అత్తా అని.

"ఎక్కడిదేంటే" అంది బెల్టు ఎలా పెట్టుకోవాలో వెతుక్కుంటూ. "ఆ నల్లబొట్టు ఆవిడని మూడేళ్ళు రోజూ చూడలేదూ!"